కార్బైన్‌కు కట్టిన కంకణం

నా కుడి భుజం కింద, చెయ్యి మొదలయ్యే చోట, అరచేతి మందాన కమిలి నల్లబడింది. తుపాకి బట్ తగిలి అయిన దెబ్బ అది. ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు నా భుజం వైపు చూసేవాళ్ళు, తర్వాత నన్ను కింది నుంచి పైదాకా చూసేవాళ్ళు, ఆ తర్వాత ఒక సలహా ఇచ్చేవాళ్ళు. తుపాకి వైపు మాత్రం ఎవరూ చూసేవాళ్ళు కాదు.

నా పేరు సుప్రియ. వరంగల్‌లో సాయుధ విభాగం కానిస్టేబుల్‌ని. పొట్టిదాన్నే, ఒప్పుకుంటాను. భర్తీలో ఎత్తు కొలిచినాయన పలకను నా నెత్తి మీద కాస్త గట్టిగానే నొక్కాడు, అయినా సరిపోయాను. ప్రభుత్వానికి సరిపోయిన ఎత్తు తుపాకికి సరిపోలేదు.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను చేసిన పోలీసుపని చెప్తే మీరు నవ్వుతారు. ఆడవాళ్ళ క్యూ దగ్గర నిలబడి సంచులు వెతకడం, జాతరలో తప్పిపోయిన పిల్లలకు బిస్కెట్లు పెట్టి ఊరుకోబెట్టడం, పెద్దసార్ల భార్యలు గుళ్ళోకి పోతే వాళ్ళ హ్యాండ్‌బ్యాగులు పట్టుకొని బయట నిలబడడం. ఒకావిడ బ్యాగ్ ఎంత బరువుండేదంటే, ట్రైనింగ్‌లో మోసిన రైఫిలే నయమనిపించింది. ఆ రైఫిల్‌తో నేల మీద పడుకొని కొట్టేదాన్ని, బాగానే కొట్టేదాన్ని. ఆ తర్వాత తుపాకి నా చేతికి వచ్చిందే తక్కువ.

అలాంటిది ఈసారి ఎస్కార్ట్ టీంలో ఆడవాళ్ళను కూడా తీసుకుంటామన్నారు. పెద్దవాళ్ళ బండి వెనక పోయే టీం అది. నిలబడి కార్బైన్‌తో కొట్టే టెస్టు ఒకటి పెడతారు, అందులో పాసైతే చాలు. పేరు ఇచ్చిన ఆడదాన్ని నేనొక్కదాన్నే. పాసైతే టీంలో ఉంటాను. ఫెయిలైతే ములుగు వైపు జాతర బందోబస్తుకు, మళ్ళీ ఆడవాళ్ళ క్యూకు. అంతకంటే నాకు ఇంకేం చెప్పనవసరం లేదు. ఆ టీం నాకు కావాలి. ఆకలైనవాడికి అన్నం కావాల్సినట్టే కావాలి.

కార్బైన్ చిన్న తుపాకి. బండిలో కూర్చున్నా మోకాళ్ళ మీద ఇముడుతుంది. వెనక భుజానికి ఆనే బట్ కడ్డీల మీద జారుతుంది. లోపలికి తోస్తే కురచవుతుంది, గుంజితే పొడుగవుతుంది. పొడుగువాళ్ళకు ఒక కొలత, పొట్టివాళ్ళకు ఒక కొలత. అంటే దాన్ని తయారుచేసినవాళ్ళు నాలాంటిదాని గురించి కూడా ఆలోచించారన్నమాట. కానీ మా దగ్గరున్న ప్రతి కార్బైన్‌కూ ఆ కడ్డీల దగ్గర, సరిగ్గా బట్ జారే చోట, ఒక కంకణం ఉంది. దసరాకు ఆయుధ పూజ చేసి కట్టిన దారం. పసుపులో ముంచి, కుంకుమ అద్ది, మామిడాకు చుట్టి గట్టిగా పేట మీద పేట వేసి కట్టారు. ఆకు ఎండి రాలిపోయింది, దారం ఎండి కట్టెలా బిగిసింది. బట్ ఆ రోజు ఎంత పొడుగు గుంజి ఉందో అంత పొడుగే ఉండిపోయింది.

ఆ రోజు పూర్తిగా గుంజి ఉంది.

"భుజానికి వత్తుకో! గట్టిగ వత్తుకో!" అని అరిచేవాడు రమాకాంత్ సార్. ఆయన మా రిజర్వ్ ఎస్సై, ఫైరింగ్ నేర్పేదీ టెస్టు పెట్టేదీ ఆయనే. ఆరడుగుల మనిషి. ఆయన ఎత్తితే కార్బైన్ ఇట్టే భుజం గుంటలో కూర్చుంటుంది. నేను ఎత్తితే కూర్చోదు. ట్రిగ్గర్ అందుకోవాలంటే బట్‌ను భుజం చివరకు, చెయ్యి మీదికి జరపాలి. జరిపితే చెంప బట్‌కు ఆనదు. చెంప ఆనకపోతే కన్ను గురి చూసే సైట్‌కు అందదు. మెడ సాచి అందుకుందామంటే నడుము వెనక్కి వాలుతుంది. వీటన్నిటి మీద బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ మందం ఒకటి. ట్రిగ్గర్ నొక్కగానే బట్ అంచు వచ్చి ఎముకకూ కండకూ మధ్య పొడిచేది. గుండు ఎటు పోయిందో దేవుడికే తెలియాలి.

"సార్, బట్ లాంగ్ అయితాంది. జర లోపటికి తోసుకుంటే సెట్ అయితది" అన్నాను.

"గన్‌ను అనకు. నీ పొజిషన్ చూస్కో. వీళ్ళందరు కొడ్తలేరా?"

వీళ్ళందరూ అంటే నా బ్యాచ్ మగవాళ్ళు. అందరూ నాకంటే జానెడు పొడుగు. అందులో భానుచందర్ అని ఒకడున్నాడు, మంచివాడే, మంచి మాటలతోనే ప్రాణం తీస్తాడు. "అడ్జస్ట్ గావాలె సుప్రియా, అన్నిట్ల అడ్జస్ట్ అయితేనే నౌకరి" అన్నాడు.

"అడ్జస్ట్ అయ్యేటిది గన్నే అన్నా. దాన్ని కట్టేసి నన్ను అడ్జస్ట్ గమ్మంటాన్లు."

ఫోన్‌లో ఏదో వీడియోలో చూసిన పద్ధతి ఒకటి చేసి చూపించాను. మోచేతి మడతలో బట్ ఆనిస్తే చూపుడు వేలు ట్రిగ్గర్ మీదికి రావాలి. అప్పుడే కొలత సరిపోయినట్టు. నా వేలు ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మి దగ్గరే ఆగిపోయింది. రమాకాంత్ సార్ వంగి నా వేలును శ్రద్ధగా చూశాడు. అర్థమైంది కాబోలు అనుకున్నాను.

"గోర్లు పెంచుకో" అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

కంకణాలు కట్టేది హెడ్ కానిస్టేబుల్ చంద్రమౌళి. ఆర్మరీ ఆయన చేతిలోనే ఉంటుంది. రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ పెద్దమనిషి. తుపాకులను మెత్తటి గుడ్డతో తుడుస్తాడు, ఒక్కోసారి వాటితో మాట్లాడతాడు కూడా. నేనంటే ఆయనకు అభిమానం. మొన్న దసరాకు పూలు తెచ్చింది నేనే, పూజకు ముందు ఆయనతో కూర్చొని కార్బైన్లన్నీ తుడిచింది నేనే. జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, కాళ్ళు మొక్కితే నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించాడు. ఆ ధైర్యంతోనే పోయాను.

"కాకా, ఒక్క గన్‌ది విప్పు. ఒక్కటే. నా సైజుకు పెట్టుకొని కొట్టి మళ్ళ నీ చేతికిస్త. నువ్వు కొత్తది కట్టుకో."

"గట్ల చెయ్యద్దు బిడ్డా. దసరకు కట్టింది మళ్ళ దసరకే తియ్యాలె."

"ఎవలు చెప్పిన్లు?"

"ఎవలో చెప్పుడేంది. మాకంటే ముందటోళ్ళు గట్లనే చేసిన్లు. ఒకపాలి ఎవడో తాగొచ్చి కంకణం తెంపిండు. వారం తిరగలే, వర్ధన్నపేట కాడ జీపు బోల్తపడ్డది. ఇద్దరికి కాళ్ళిరిగినయ్."

"జీపు నడిపింది ఎవలు కాకా?"

"వాడే."

నేను ఆయన మొహం చూశాను. తన మాటలో తనకేమీ తేడా వినిపించలేదు.

"పోనీ గొట్టానికి కట్టకపోయినవ్."

"గొట్టం కాలుతది. దారం మండుతది."

"మరి ట్రిగ్గర్ కాడ?"

"అక్కడ దారం ఉంటే ప్రమాదం కాదా? పోలీసుదానివి, తెల్వదా?" అని నన్నే మందలించాడు. అన్నీ ఆలోచించాడు. గొట్టం గురించి ఆలోచించాడు, ట్రిగ్గర్ గురించి ఆలోచించాడు. దాన్ని ఎత్తి కొట్టే మనిషి గురించి ఆలోచన రాలేదు.

"మరి బట్ ఎందుకు అంత పొడుగు గుంజి కట్టినవ్?"

"బల్ల మీద పెడితే నిండుగ కనపడాలె కద. పూజ ఫోటోలు పెద్దసార్లకు పోతయ్."

అంటే నా భుజం పగిలింది ఒక ఫోటో కోసం. నెత్తి కొట్టుకోవాలనిపించింది. ఆయన మాత్రం లేచి పోయి డ్రాయర్ నుంచి నొప్పి మందు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఫికర్ చెయ్యకు. టెస్టునాడు పొద్దున నీ పేరు మీద కొబ్బరికాయ కొడ్త. నువ్వు చర్చికి పొయ్యేదానివి, నీకు ఇయ్యి తెల్వయ్ గని, తల్లి చల్లగ చూస్తది" అన్నాడు.

అందులో ఈసడింపు లేదు. ఉంటే నాకు సులువయ్యేది, తిరిగి ఒక మాట అనేదాన్ని. పూలు తెచ్చినప్పుడు గుర్తుకు రాని చర్చి, దారం విప్పమంటే గుర్తుకొచ్చింది. అది బాగా తగిలింది. నా కోసం కొబ్బరికాయ కొట్టే చెయ్యి, నా కోసం దారం ముడి విప్పదు. ఇలాంటి మంచివాళ్ళతో వేగడం కంటే చెడ్డవాళ్ళతో కొట్లాడడం నయం.

మీరు అనుకోవచ్చు, ఇప్పుడు ప్రాక్టీసులో తుపాకి రోజూ చేతికొస్తుంది కదా, ఒక బ్లేడు ముక్కతో పోయేదానికి ఇంత గోల ఎందుకని. నేనూ అదే అనుకున్నాను. నా మొహంలో అది కనిపించిందేమో, రమాకాంత్ సార్ నన్ను పక్కకు పిలిచాడు.

"చంద్రమౌళన్నను అడిగినవంట. సుప్రియా, నువ్వైతే దాన్ని ముట్టకు. వేరేటోళ్ళు తెంపితే తప్పయితది, నువ్వు తెంపితే లొల్లయితది. ఎవడన్న ఫోటో తీసి గ్రూపులల్ల పెడితే నేను గూడ ఏం చెయ్యలేను."

"నేను వేరేటోళ్ళల్ల ఎందుకు లేను సార్?"

"నీకు తెల్సు" అన్నాడు, కోపం లేకుండానే.

"అయితే మీరు చెప్పున్లి సార్ కాకకు. ఒక్క గన్‌కు. ప్లీజ్ సార్."

"పెద్దమనిషి. ఇగ ఎన్ని రోజులు ఉంటడని? ఆయన మనసు కష్టపెట్టుడెందుకు. టెస్టుకు టైం ఉంది కద, ప్రాక్టీస్ చెయ్యి."

చంద్రమౌళి కాక మనసు కష్టపడకూడదు. పెద్దసార్లకు ఫోటో నిండుగా ఉండాలి. గ్రూపుల్లో లొల్లి కాకూడదు. అందరికీ ఏదో ఒకటి కాపాడుకునేది ఉంది, వాటన్నిటి బరువూ వచ్చి నా కుడి భుజం మీద పడుతోంది.

ఇంటికి పోతే మా అమ్మ మరియమ్మ ఇంకో రకం. కాజీపేటలో మా ఇల్లు. అమ్మ ఒక ప్రైవేట్ దవాఖానలో ఆయాగా చేస్తుంది కాబట్టి దెబ్బ ఏదైనా సరే డాక్టర్ కంటే ముందు తనే తేల్చేస్తుంది. నా చొక్కా జరిపి చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ప్రార్థన చేయించి తెచ్చిన నూనె రాసి, కళ్ళు మూసుకొని ఏదో గొణిగింది. తర్వాత నేను సంగతంతా చెప్పాను.

"వాళ్ళ దారం జోలికి పోకు బిడ్డా. దారం తెంపిందన్న పేరు పడితే నౌకరి పొయ్యేదాక ఇడువరు."

"వాళ్ళ దారమే నా భుజం జోలికి వస్తాంది కదనే అమ్మా!"

"అయితే భుజానికి మెత్తగ ఏమన్న పెట్టాలె" అంది అమ్మ.

ఇది నాకు కూడా బుద్ధిగానే అనిపించింది. దెబ్బ తగిలే చోట మెత్తగా ఉండాలి, అంతే కదా. అమ్మ పాత బొంతలో నుంచి దూది తీసి, గుడ్డలో పెట్టి, దిట్టంగా కుట్టి, నా యూనిఫాం చొక్కా లోపల భుజం దగ్గర అతికించింది. పిడికిలితో గుద్ది చూసి, "ఇప్పుడు ఫిరంగి పేల్చినా ఏం గాదు" అంది. నేనూ గుద్ది చూసుకొని సంబరపడ్డాను.

పొద్దున ఫైరింగ్ రేంజ్‌లో కార్బైన్ ఎత్తాక గానీ నా తెలివి నాకు అర్థం కాలేదు. బట్ పొడుగైందని నేను ఏడుస్తుంటే, భుజానికీ బట్‌కూ మధ్య ఇంకో అంగుళం మందం పెట్టుకొని వచ్చాను. అంతకుముందు కష్టంగానైనా ట్రిగ్గర్ అందేది. ఇప్పుడు వేలు పూర్తిగా గాలిలోనే ఆడుతోంది. నొప్పి లేదు, నిజమే. గుండు కొడితే కదా నొప్పి ఉండేది.

అక్కడే, అందరి ముందరే, చొక్కాలోకి చెయ్యి పెట్టి అమ్మ కుట్టిన దిండును పర్రున చింపి బయటికి లాగాను. దూది గాలికి లేచి భానుచందర్ మీసాల మీద పడింది. ఎవడూ నవ్వలేదు. నా మొహం చూసి నవ్వే ధైర్యం చెయ్యలేదు. అమ్మ మీద కోపం కాదు నాకు. అమ్మ కూడా వాళ్ళలాగే నా భుజాన్నే బాగుచెయ్యబోయింది, ఆ మాటకొస్తే నేనూ అదే చేశాను.

తర్వాత చేసినవి చెప్తే సిగ్గు. బట్‌ను చంక కింద దోపుకొని కొట్టాను, గుండ్లు టార్గెట్ వెనకున్న మట్టి కట్ట పాదాల దగ్గర పడ్డాయి. భుజం మీదికి ఎక్కించుకొని కొట్టాను, దవడకు తగిలి పళ్ళు జిల్లుమన్నాయి. పక్కకు తిరిగి నిలబడి కొట్టాను, అది కాస్త నయమనిపించింది, కానీ ఎడమ చెయ్యి వణికేది. ఇంటి దగ్గర చీపురు కట్ట పట్టుకొని అద్దం ముందు నిలబడి మెడ సాచడం ప్రాక్టీస్ చేశాను. చీపురుతో అన్నీ బాగానే కుదిరేవి.

టెస్టునాడు పొద్దున చంద్రమౌళి కాక గేటు దగ్గరే ఎదురొచ్చాడు. చేతిలో కొబ్బరి చిప్పలు లేవు, మొహంలో కళ లేదు. "పో బిడ్డా, మంచిగ కొట్టు" అని మాత్రం అన్నాడు.

పక్కకు తిరిగి నిలబడే పద్ధతిలోనే కొట్టాను. మొదటి గుండ్లు మంచిగా పడ్డాయి. ఆ తర్వాత చెయ్యి బరువెక్కింది, బట్ జారి మళ్ళీ ఆ కమిలిన చోటికే వచ్చింది. దాన్ని సర్దుకుందామంటే సైట్ పోయింది, సైట్ వెతుక్కుందామంటే టైం పోయింది. చివరి గుండుకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పితోనే. ఇంకెందుకో అని ఎవరైనా అనుకుంటే వాళ్ళ ఇష్టం.

కొద్దిలో పోయింది. రమాకాంత్ సార్ పాసైనవాళ్ళ పేర్లు చదివాడు, అందులో నేను లేను. "కొంచెంల మిస్సయినవ్. వచ్చేసారి చూద్దాం తియ్. లేడీస్‌కు ఇది జర కష్టమే" అన్నాడు. ఓదార్చాననుకున్నాడు. భానుచందర్ పాసయ్యాడు. స్వీట్ తెచ్చి ముందు నాకే ఇచ్చాడు.

చంద్రమౌళి కాక సాయంత్రం నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "పొద్దుగాల చెప్పలే గని బిడ్డా, కాయ కుళ్ళింది. అప్పుడే అనుకున్న" అన్నాడు. నేను ఫెయిలైంది కొబ్బరికాయ కుళ్ళినందుకట. ఆయన కళ్ళలో నిజంగానే బాధ ఉంది. నేను "సరే కాకా" అన్నాను. అలా అన్నందుకు రాత్రంతా నన్ను నేను తిట్టుకున్నాను.

ములుగుకు పోయేలోపు మిగిలిన రోజుల్లో నన్ను రేంజ్‌లో ఖాళీ తూటాలు ఏరే పనిలో పెట్టారు. కొట్టినన్ని ఖాళీలూ లెక్కకు రావాలి, లేకపోతే ఆర్మరీలో తలనొప్పి. అలా మోకాళ్ళ మీద పాకుతూ గడ్డిలో ఏరుతున్న ఒక పొద్దున, కొత్తగా బదిలీ మీద వచ్చిన పెద్దాఫీసరు రాజేశ్వర్ రావు గారు రేంజ్ చూడడానికి వచ్చారు. గట్టి మనిషే గానీ నాకంటే రెండు వేళ్ళు పొడుగుంటారేమో, అంతే. దానికి తోడు బొజ్జ. జాకెట్ వేసుకొని కార్బైన్ అడిగారు. చంద్రమౌళి కాక రెండు చేతులతో అందించాడు. నేను పాకడం ఆపి, అక్కడే కూర్చొని చూశాను.

ఆయన ఎత్తారు. బట్ జాకెట్ మీద అటూ ఇటూ జారింది. చెంప ఆనలేదు. నాకైతే ఆ అవస్థంతా నా మనసులోని మాట ఎవరో బయటికి చదువుతున్నట్టే ఉంది.

"ఏందయ్యా ఇది, గన్ను ఇచ్చిన్రా గడకర్ర ఇచ్చిన్రా? బట్ లోపలికి పెట్టు" అన్నారు.

ఇప్పుడు చెప్తారు దసరా సంగతి. ఇప్పుడు చెప్తారు వర్ధన్నపేట జీపు సంగతి. పెద్దమనిషి మనసు సంగతి రమాకాంత్ సార్ చెప్తాడు.

ఎవరూ ఏమీ చెప్పలేదు. రమాకాంత్ సార్ "హా సార్" అన్నాడు. చంద్రమౌళి కాక అప్పటికే జేబులో నుంచి చిన్న కత్తి తీశాడు. "తల్లీ, తప్పు కాయి" అని పెదవులతో అనుకొని దారాన్ని కోసి, కళ్ళకద్దుకొని, జేబులో వేసుకున్నాడు. మీట నొక్కి బట్‌ను లోపలికి తోశాడు. టిక్కున శబ్దమైంది. రాజేశ్వర్ రావు గారు నల్లకళ్ళద్దాలు తీసి మడిచి జేబులో పెట్టుకునేలోపు అంతా అయిపోయింది. అక్కడొక దారం ఉండేదని కూడా ఆయనకు తెలియదు.

ఆయన నాలుగు గుండ్లు కొట్టారు. రెండు తగిలాయి. "సూపర్ సార్!" అని అందరూ చప్పట్లు కొట్టారు. ఫోన్ వస్తే మాట్లాడుకుంటూనే బండెక్కి వెళ్ళిపోయారు. దుమ్ము కూడా అణగలేదు, నేను లేచి మోకాళ్ళు దులుపుకొని బల్ల దగ్గరకు పోయాను. కార్బైన్ కుదించిన బట్‌తో అక్కడే ఉంది, మ్యాగజైన్‌లో ఆయన కొట్టగా మిగిలిన రౌండ్లున్నాయి.

"ఏం చేస్తానవ్ సుప్రియా?" అన్నాడు రమాకాంత్ సార్.

"కొడ్తాన సార్."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. గుండ్లు కొట్టే చోట నిలబడ్డాను. ఎత్తాను. బట్ వచ్చి భుజం గుంటలో, ఉండాల్సిన చోట కూర్చుంది. నేను దాన్ని ఎక్కడికీ జరపలేదు, మెడ సాచలేదు. చెంప దానంతటదే ఆనింది, కంటి ఎదురుగా సైట్ ఉంది, వేలి కింద ట్రిగ్గర్ ఉంది. ఇంతేనా! ఇంత సులువైన పనిని వీళ్ళు ఇన్ని రోజులూ చేసుకుంటూ, పైనుంచి నాకు పాఠాలు చెప్పారా? పేల్చాను. భుజం మీద తోసినట్టయింది, పొడిచినట్టు కాలేదు. మిగిలిన గుండ్లన్నీ అలాగే పేల్చాను.

భానుచందర్ ఉరికి పోయి టార్గెట్ తెచ్చాడు. తగిలినవన్నీ అరచేతి కింద దాగేంత చోటులో ఉన్నాయి. రమాకాంత్ సార్ దాన్ని చూసి సంతోషంగా తల ఊపాడు.

"చూసినవా? నేను చెప్తనే ఉన్న. ప్రాక్టీస్ చేస్తే వస్తది."

ఏం చెప్పాలి ఈ మనిషికి? ఈలోపు బల్ల దగ్గర చంద్రమౌళి కాక కార్బైన్ ముందేసుకొని, మ్యాగజైన్ తీసి, తూటా కూర్చునే గది ఖాళీగా ఉందో లేదో చూసి, బట్‌ను మళ్ళీ బయటికి గుంజుతున్నాడు. ఆయన భుజం మీద కొత్త పసుపు దారం వేలాడుతోంది.

"కాకా, ఏం చేస్తానవ్?"

"మళ్ళ కట్టాలె కద బిడ్డా. ఉత్తగ ఉంచద్దు."

"నేను అడిగితే దసర దాక తియ్యద్దన్నవ్. జీపు బోల్తపడ్తదన్నవ్. ఇయ్యాల ఎట్ల తీసినవ్? ఏ దేవుడు ఒప్పుకున్నడు?"

ఆయన చెయ్యి ఆగింది. నొచ్చుకోలేదు, తడబడలేదు. నేను అడిగినదాని గురించి నిజాయితీగానే ఆలోచించాడు. ఆలోచించి, నాకు తెలియని సంగతి చెప్తున్నట్టు మెల్లగా చెప్పాడు.

"నువ్వు అడిగినవ్ బిడ్డా. సార్ చెప్పిండు."

అంతే. అందులో దసరా లేదు, దేవత లేదు, చర్చి కూడా లేదు. నేను ఎంతసేపూ నా మతం అడ్డమొచ్చిందనుకున్నాను, నా ఎత్తు అడ్డమొచ్చిందనుకున్నాను. అవి లేవని కాదు. కానీ 'జర' అనీ, 'ప్లీజ్' అనీ, 'ఒక్కటే' అనీ నేను అడిగిన ప్రతిసారీ, వద్దనడానికి వాళ్ళకు నేనే చోటిచ్చాను. పెద్దసార్ చోటివ్వలేదు. ఆయనకు అలా ఇవ్వాలని కూడా తెలియదు.

"అయితే ఇప్పుడు నేను చెప్తాన" అన్నాను. "బట్ గుంజకు. దారం బెల్టు రింగుకు కట్టు. అక్కడ కాలదు, దేనికి అడ్డం రాదు."

చంద్రమౌళి కాక రమాకాంత్ సార్ వైపు చూశాడు. రమాకాంత్ సార్ టార్గెట్ కాగితం వైపు చూశాడు. ఇక అడ్డం చెప్పేవాళ్ళు ఎవరూ లేరని నిమ్మళం చేసుకొని, కాక బట్‌ను లోపలికి తోసి, తుపాకిని తిప్పి, బెల్టు తగిలించే రింగుకు కంకణం కట్టాడు. ముడి వేసి కళ్ళకద్దుకున్నాడు. "ఇక్కడ గూడ మంచిగనే ఉన్నది" అన్నాడు, తనలో తనే.

నేను రమాకాంత్ సార్ వైపు తిరిగాను.

"రేపు పొద్దుగాల నేను మళ్ళ టెస్టు కొడ్త సార్. గిదే గన్‌తోని. టార్గెట్లు పెట్టించున్లి."

ఆయన నా మొహంలోకి చూశాడు. నా మాటలో అడిగినట్టు ఎక్కడుందా అని వెతికాడు. రోజూ దొరికేది ఇవాళ దొరకలేదు. కాదనడానికి ఆయనకు ఏదో ఒకటి కావాలి, పాపం, అది నేను ఇవ్వలేదు.

"సరే. ఏడింటికి రా" అన్నాడు.

నేను సంతోషపడాల్సింది. భానుచందర్ వచ్చి "కంగ్రాట్స్" కూడా అన్నాడు. నాకు మాత్రం, ఇంత తేలికగా సరే అంటారని తెలిశాక, ఇన్ని రోజుల కోపమంతా ఒక్కసారిగా నెత్తికెక్కింది. కమిలిన భుజాన్ని అరచేత్తో గట్టిగా పట్టుకొని, రేపటి దాకా ఎవరితోనూ మాట్లాడకూడదని అక్కడి నుంచి వెళ్ళిపోయాను. ఏరకుండా మిగిలిన ఖాళీ తూటాలు గడ్డిలోనే ఉన్నాయి. వాటిని ఎవరు ఏరతారో నేను అడగలేదు.